శ్రమకాలంలో నాన్న భోజనం

మార్చి 2, ఆదివారం

రాజమండ్రి డాక్టరు గారు నిన్న చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టుకుంటున్నాను. మా ఇంట్లో ఒక్కొక్కరూ వాటిని ఒక్కో రకంగా చెప్పుకుంటున్నారు మరి.

“ప్రకాశం గారూ, బొడ్డు దగ్గర హెర్నియాకి ఆపరేషన్ తప్పదు. కానీ ఈ బరువుతో, ఈ షుగరుతో నేను చెయ్యను. వేసిన కుట్టు నిలవదు. తొంభై నాలుగు కిలోలున్నారు. ఎనభై ఆరుకు రండి, చేస్తాను. ఈలోపు పేగు అందులో ఇరుక్కుందనుకోండి, అప్పుడిక బరువూ చూడం, షుగరూ చూడం. ప్రాణం చూస్తాం.”

అమ్మ పక్కింటి వాళ్లతో “ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదన్నారు” అని చెప్పింది. నాన్న “కాస్త ఒళ్లు తగ్గించమన్నారు” అంటున్నారు. నాకు మాత్రం ‘ఇరుక్కుందనుకోండి’ దగ్గరే మనసు ఆగిపోయింది. ఎంత మామూలు మాట! బస్సు తలుపులో చున్నీ ఇరుక్కుందంటాం. ఆ మాటే నాన్న పొట్ట మీద పెట్టి చూస్తే తణుకు వచ్చేదాకా నేను బస్సు కిటికీలోంచి ఏం చూశానో గుర్తులేదు.

నాన్నకు నలభై తొమ్మిదేళ్లు. ఈ బాధ్యత నేను తీసుకుంటున్నాను.

మార్చి 4, మంగళవారం

నాన్న భోజనం పట్టిక తయారైంది. వంటింటి తలుపుకు అంటించాను. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం రెండు పుల్కాలు, ఆకుకూర పప్పు, మజ్జిగ. రాత్రి ఏడులోపు సూపు. అక్షరాలు గుండ్రంగా రాశాను, కూరలకు ఆకుపచ్చ, నూనె వస్తువులకు ఎరుపు. అమ్మ చూసి, “పరీక్షలకి ఇంత చదివితే బాగుణ్ణు” అంది.

నాన్న ఓట్స్ తిన్నారు. తిన్నాక గిన్నెలోకి చూస్తూ, “ఇది అరుగుతుందంటావా అమ్మాయ్, గోడకి పూస్తే గట్టిగా నిలిచేలా ఉంది” అన్నారు.

నాన్న చక్కెర ఫ్యాక్టరీలో కాటా గుమాస్తా. చెరుకు లారీలను లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూకం వేస్తారు. మనిషి కూడా బరువు అంత తేలిగ్గా దించేసి వెళ్లగలిగితే బాగుండేదని ఆయనే నవ్వారు.

మార్చి 5, బుధవారం

భస్మ బుధవారం. ఈ రోజు నుంచి ఈస్టర్ దాకా శ్రమకాలం. మా లూథరన్ సంఘంలో ఈ నలభై రోజులూ సాయంత్రం పూట ఒక్కో ఇంట్లో కూడిక పెడతారు. పాట, వాక్యం, ప్రార్థన, ఆ తరవాత ఫలహారం. నాన్న సంఘ పెద్ద కాబట్టి ప్రతి ఇంటికీ వెళ్లాలి, ప్రతి ఇంట్లోనూ ప్రార్థన చెయ్యాలి.

పగలు ఉపవాసం ఉండేవాళ్లు చాలామంది ఉన్నారు. నాన్న ప్రతి ఏడూ ఉంటారు. ఈసారి కుదరదని గట్టిగా చెప్పాను. షుగరు బిళ్ల వేసుకునేవాళ్లు పస్తు ఉండకూడదని మందుల షాపాయన కూడా అన్నాడు.

“అలాగేనమ్మా” అన్నారు నాన్న.

మార్చి 7, శుక్రవారం

నాన్న ఫ్యాక్టరీకి తీసుకెళ్లిన భోజనం బాక్సు ఖాళీగా వచ్చింది. కడగక్కర్లేనంత శుభ్రంగా తిన్నారు.

మార్చి 10, సోమవారం

ఇవాళ కూడిక మిల్లు దగ్గరి వాళ్లింట్లో. గారెలు, సేమ్యా పాయసం, టీ. నాన్నకు అయిదు గారెలు వేశారు, అయిదూ తిన్నారు. నిన్న పులిహోర, బజ్జీలు. మొన్న ఉప్మా, దాని పక్కన కాజా.

కాలువ గట్టు మీద నడిచి వస్తుంటే అడిగాను.

“ఒక్కటి తిని చాలనొచ్చు కదా నాన్నా. నాకు షుగరుందండీ అంటే ఎవరేమంటారు?”

తూము దాటాక నాన్న ఆగారు.

“మన పేటకి పెద్ద మనుషులెవరైనా పనిమీద వస్తారు చూడు, కుర్చీ వేస్తే కూర్చుంటారు. మంచినీళ్లిస్తే ‘ఇప్పుడే తాగొచ్చామమ్మా’ అంటారు. టీ ఇస్తే ‘షుగరమ్మా, తాగకూడదు’ అంటారు. ఆ గ్లాసులు పట్టుకుని మా అమ్మ లోపలికి వెళ్లేది. ఎన్నిసార్లు చూశానో. వాళ్లలో సగం మందికి ఏ జబ్బూ లేదు. ఇప్పుడు ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చిందని నేనూ అదే మాట అననా?”

నా పట్టికలో ఇలాంటి గడి లేదు.

మార్చి 15, శనివారం

మందుల షాపులో తూకం చూశాం. తొంభై అయిదు.

మిషన్ తప్పు చూపిస్తోందని షాపాయనకు చెప్పాను. ఆయన తను ఎక్కి చూపించి, “నాకు సరిగ్గానే చూపిస్తోందమ్మా” అన్నాడు. ఫ్యాక్టరీ కాటా మీద ఎక్కుతానని నాన్న జోకు వేశారు. దానికి పది కిలోలకు తక్కువ తేడా తెలియదట, అందుకని ఎప్పుడెక్కినా ఒకటేనట. నేను నవ్వలేదు.

పుల్కాల పిండిలో అమ్మ నూనె కలుపుతోందేమోనని నా అనుమానం. రేపటి నుంచి పిండి నేనే కలుపుతాను.

మార్చి 18, మంగళవారం

బాక్సు ఖాళీ. నాన్న నేను చెప్పినట్టే వింటున్నారు. ఫలితం కనబడడానికి కొంత సమయం పడుతుంది, అంతే.

మార్చి 21, శుక్రవారం

ఈ రోజు నాన్న చేసిన ప్రార్థన గురించి రాయకుండా ఉండలేను.

కళ్లు మూసుకుని నిలబడ్డారు. గొంతు వణికింది. మాటకూ మాటకూ మధ్య ఇదివరకెప్పుడూ లేనంత ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో ఊపిరి మాత్రమే వినిపించింది. చొక్కా వీపు మొత్తం తడిసి ఒంటికి అంటుకుపోయింది. వెనక కూర్చున్న ఆడవాళ్లు ఏడ్చారు. అయ్యగారు కూడా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన పాస్టరై పాతికేళ్లయింది, ఇలాంటి ప్రార్థన విన్నది తక్కువేనని అమ్మతో అన్నారు.

‘గద్గదం’ అన్న మాటను ఇన్నాళ్లూ పుస్తకంలోనే చూశాను. ఇవాళ చెవులతో విన్నాను. అది నోటితో పలికితేనే గొంతు పట్టేసినట్టుంటుంది. ఎవరు పుట్టించారో ఆ మాట!

ఆ తరవాత పకోడీలు. నాన్న రెండు ప్లేట్లు తిన్నారు. ప్రార్థనలో అంత అలిసిపోయారు పాపం, నేనూ ఏమీ అనలేదు.

మార్చి 28, శుక్రవారం

సంపూర్ణమ్మ మామ్మ ఇంట్లో కూడిక. మామ్మ కూలికి వెళ్తుంది, ఒక్కతే ఉంటుంది. భర్త ఏసోబు తాత పోయి చాలా ఏళ్లయింది. వాకిలి అలికి, పక్కిళ్ల నుంచి కుర్చీలు తెచ్చి వేసింది.

నాన్న ప్రార్థన మొదలుపెట్టారు. అదే వణుకు. అవే ఖాళీలు. నేను కళ్లు తెరిచి చూస్తున్నాను, ఎందుకంటే ఇంటికొచ్చి రాయాలి. చెమట గడ్డం మీదుగా కారుతోంది. అప్పుడు నాన్న, “ప్రభువా, ఏసోబు బాబాయిని స్వస్థపరచు, మంచం మీద నుంచి లేపు” అన్నారు.

మామ్మ పెద్దగా ఏడుపు అందుకుంది. ఆ ఏడుపుకి అందరూ కదిలిపోయి పాట ఎత్తుకున్నారు. డోలక్ వేగం పెరిగింది. నాన్న ఊగుతున్నారు. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. అక్షరాలా అదే మాట అనుకున్నాను మనసులో.

అమ్మ లేచి అరిచింది: “పాట ఆపండి! చచ్చిపోయిన మనిషిని లేపమంటున్నాడాయన, తెలియట్లేదా మీకు? పిన్నీ, పంచదార ఎక్కడ?”

పాట వెంటనే ఆగలేదు. అమ్మే వంటింట్లోకి పరిగెత్తి డబ్బా పట్టుకొచ్చింది. నాన్న మోకాళ్ల మీద కూలబడ్డారు. నోట్లో పంచదార వేసి, నీళ్లు తాగించి, బుగ్గలు తట్టింది. “మింగండి. ఏవండీ, మింగండి.” కొంతసేపటికి నాన్న అమ్మను గుర్తుపట్టి, “కూడిక అయిపోయిందా?” అన్నారు.

ఆటోలో తణుకు తీసుకెళ్లాం. షుగరు బాగా పడిపోయిందన్నారు. గ్లూకోజు ఎక్కించారు. మధ్యాహ్నం ఏం తిన్నారని నర్సు అడిగితే నేనే చెప్పాను. “రెండు పుల్కాలు, తోటకూర పప్పు, మజ్జిగండి. నేనే పెట్టాను.” నాన్న పైకప్పు చూస్తున్నారు.

మార్చి 29, శనివారం

ఇరవై ఒకటో తారీకున రాసింది మళ్లీ చదివాను.

మార్చి 30, ఆదివారం

పెదబాబు గారని ఫ్యాక్టరీకి చెరుకు తోలే లారీ డ్రైవరు నాన్నను చూడడానికి వచ్చారు. బత్తాయిలు తెచ్చారు. వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగారు.

“అమ్మాయిగారూ, మీ చేతి తోటకూర పప్పు అమోఘమండి. పుల్కాలు కూడా మెత్తగా ఉంటాయండి. ఆయ్, ఈ నెల్లాళ్లూ హోటల్ మొహం చూస్తే ఒట్టు.”

పెదబాబు గారు మా మొహాలు చూసి, గబగబా చెప్పులు వేసుకున్నారు.

“ఉపవాసం ఉన్నారా?” అని నాన్నను అడిగింది అమ్మ.

“అటు మొక్కూ తీరుతుంది, ఇటు బరువూ తగ్గుతుందని...”

“బిళ్లలు?”

“బిళ్లలు మానద్దన్నారు కదా డాక్టరు గారు.”

అమ్మ నవ్వింది. నవ్వా అది? ఆ మొహానికి తగిన మాట నా దగ్గర లేదు. “పగలంతా పస్తు, బిళ్ల మాత్రం టైముకి. రాత్రికి ఊరందరి గారెలూ మీ పొట్టలోనే. దేవుడికీ చెప్పలేదు, డాక్టరుకీ చెప్పలేదు, పిల్ల పొద్దున్నే లేచి వండుతుంటే దానికీ చెప్పలేదు.”

“దేవుడికి చెప్పానే” అన్నారు నాన్న.

నేను లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను. కోపం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది. ఖాళీ బాక్సు చూసి నేను ఎన్ని రోజులు సంతోషించాను!

ఏప్రిల్ 1, మంగళవారం

అయ్యగారు వచ్చారు. మందులు వాడేవాళ్లకి ఉపవాసం లేదని, తిని కూడా భక్తి చెయ్యొచ్చని చెప్పారు. తణుకు డాక్టరు బిళ్ల మార్చారు. రోజుకు మూడు పూటలా వేళకు తినాలి. బరువు నెమ్మదిగా తగ్గాలి. నెలకు రెండు మూడు కిలోలు తగ్గితే చాలన్నారు. ఈ లెక్కన నాన్నకి ఆపరేషన్ ఎప్పటికో.

పట్టిక నేనే తీసేశాను. అన్నం మానేసిన మనిషి రాత్రి ఏ ఇంట్లో గారె కనబడినా ఆగలేరు. ఇంట్లో వండేదే తినాలి. అన్నం తగ్గించి, కూర పెంచి. అమ్మ మొదటి రోజే ఇది చెప్పిందట. నేను విన్నట్టు గుర్తులేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

తన ఇంట్లో కూడిక సగంలో ఆగిపోయిందని సంపూర్ణమ్మ మామ్మ పట్టుబట్టి మళ్లీ పెట్టించింది. మేం ముగ్గురం ఇంట్లో తినే వెళ్లాం.

నాన్న ప్రార్థన చిన్నగా చేశారు. గొంతు మామూలుగా ఉంది. ఆమెన్ అన్నాక కూర్చోలేదు.

“ఒక మాట చెప్పాలి. నాకు షుగరుంది. పొట్టలో హెర్నియా ఉంది. బరువు తగ్గితే గానీ ఆపరేషన్ చెయ్యరు. మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. చెబితే తిననంటున్నానని అనుకుంటారేమోనని ఇన్నాళ్లూ తిన్నాను.”

మామ్మ అప్పటికే పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. బూరెలు. వేడివి.

“అయితే మా ఇంట్లో తినవా?” అంది.

“తింటాను పిన్నీ. నువ్వు ఈ పూట ఏం తింటావో అది పెట్టు.”

“నేనేం తింటాను! పొద్దుటి గోంగూర పప్పు, మెత్తళ్ల ఇగురు. అది నీకెలా పెడతాన్రా? సంఘ పెద్దవి. పది మందిలో నా పరువేం కాను?”

“నీ బూరెలు తిని నీ వాకిట్లోనే పడ్డాననుకో, అప్పుడు పరువుంటుందా?”

“ఆ రోజు బూరెలు తినకుండానే పడ్డావు కదరా!”

అందరూ నవ్వేశారు. మామ్మ నవ్వలేదు. పళ్లెం అయ్యగారి చేతిలో పెట్టి లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. గిన్నెల చప్పుడు మాత్రం గట్టిగా వినిపించింది. నాన్న చాప మీద కూర్చుని నేల చూస్తున్నారు. నేనైతే ఆమె ఇక రాదనుకున్నాను.

వచ్చింది. కంచంలో అన్నం గుట్ట, పక్కన పప్పు, ఎండుచేపల ఇగురు. అలిగిన మనిషి పెట్టినట్టు చప్పుడయ్యేలా పెట్టింది.

“సగం అన్నం తీసెయ్ పిన్నీ. పప్పు ఇంకొంచెం వెయ్యి.”

మామ్మ తీసింది. ఇంకా తియ్యమంటే మళ్లీ తీసింది. “కోడిపిల్లకి వేసినట్టుంది” అని గొణిగింది. నాన్న కలుపుకుని తిన్నారు. కంచంలో ఏమీ వదల్లేదు.

తలుపు పక్కన నిలబడి మామ్మ తినే మనిషినే చూస్తోంది. “ఉప్పు సరిపోయిందా?” అంది చివరికి.

“సరిపోయింది.”

ఇంటికొచ్చేటప్పుడు అమ్మ, “మన ఇంట్లో తిన్నారు, అక్కడా తిన్నారు, ఇవాళ రాత్రికి రెండు భోజనాలయ్యాయి” అంది. “రేపు పొద్దున సర్దుకుందాం” అన్నారు నాన్న.

ఏప్రిల్ 8, మంగళవారం

అన్ని ఇళ్లూ మామ్మ ఇల్లు కాదు. నిన్న ఒక ఇంట్లో నాన్న రెండు ముక్కల బొప్పాయితో సరిపెట్టుకుంటే, “ఆయనకి ఇప్పుడు మా నూనె పడదు లెండి” అన్నారు ఆ ఇంటివాళ్లు. నాన్న మొహం నల్లబడింది.

ఇవాళ ఇంకో ఇంట్లో అడగకుండానే ఉడికించిన శనగలు పెట్టారు. శనగలు తిని గారె కూడా ఒకటి తిన్నారు.

ఏప్రిల్ 20, ఈస్టర్

తెల్లవారుజామున ఆరాధన. నాన్న మొదటి పాట ఎత్తుకున్నారు.

మధ్యాహ్నం ఇంట్లో చికెన్ బిర్యానీ. నేను నాన్న ప్లేటు వైపు చూస్తున్నానని గమనించి, “పండగమ్మా, తింటాను. రేపు పండగ కాదు” అన్నారు. ఒక ప్లేటు తిని లేచారు. సాయంత్రం గట్టు మీద నడిచాం.

ఏప్రిల్ 26, శనివారం

తొంభై రెండు.

మే 17, శనివారం

పోయిన వారం తొంభై ఒకటి. ఈ వారం తొంభై ఒకటి. అంతకు ముందు వారం కూడా తొంభై ఒకటే. మామిడిపళ్లే కారణమని నేనంటే, ఇంటికి ఒక పండు కోసుకుని ముగ్గురం తింటే కొంప మునగదని అమ్మ అంది. ముక్కలు పంచుకున్నాక టెంక ఎవరికని మళ్లీ గొడవ.

నాకు నిరుత్సాహంగా ఉంది. నాన్నకు లేదు. “లారీ కాటా మీదకొచ్చి ఊగుతుంటుంది. ఊగేది ఆగేదాకా అంకె రాసుకోకూడదు” అన్నారు.

ఏదో ఒక రాత్రి పొట్ట దగ్గర నొప్పి వచ్చి తగ్గకపోతే ఏమవుతుందో అని ఊహించుకుంటాను. ఊహించుకుని రాయడం మానేస్తాను.

జూన్ 28, శనివారం

రాజమండ్రి వెళ్లాం. ఎనభై ఏడు. చెప్పినదానికి ఒక కిలో ఎక్కువ. షుగరు బాగుంది. డాక్టరు గారు కాగితం చూసి, నాన్న పొట్ట నొక్కి, మళ్లీ కాగితం చూసి, “ఈ కిలో నేను వదిలేస్తున్నాను. జూలై తొమ్మిదిన రండి” అన్నారు.

“మళ్లీ పెరక్కూడదు, తెలుసుగా? ఆపరేషన్ తరవాతే అసలు పని. ఇలాగే తినగలరా?”

“నేను తినేది పెద్ద విశేషమేం కాదండి. మా ఇంట్లో వండిందే తింటున్నాను” అన్నారు నాన్న.

జూలై 7, సోమవారం

ఎల్లుండి ఆపరేషన్ కాబట్టి ఈ రోజు మా ఇంట్లోనే కూడిక పెట్టారు. నాట్లు మొదలయ్యాయి. చాలామంది చేలోంచి నేరుగా వచ్చి, బావి దగ్గర కాళ్లు కడుక్కుని కూర్చున్నారు. ప్రార్థన అయ్యగారు చేశారు. నాన్న కోసం అందరూ ఒకేసారి గొంతెత్తితే నాన్న తల దించుకుని ఏడ్చారు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి చూశాను. పొడిగానే ఉంది.

అమ్మా నేనూ పెసర గుగ్గిళ్లు, పులిహోర చేశాం. వడ్డన నాది. ఒక్కొక్కరి ప్లేటులో పులిహోర వేస్తూ వచ్చాను. సంపూర్ణమ్మ మామ్మ దగ్గరికొచ్చేసరికి ఒక గరిటె వేశాను, రెండోది వేయబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

“చాలమ్మా.”

“అదేంటి మామ్మా, పొద్దున్నుంచీ పని చేసొచ్చావు. ఇంకొంచెం వేసుకో.”

“చాలే.”

“నేను చేశాను మామ్మా. ఒక్క గరిటె. నా కోసం.”

అన్నాక నాకే వినిపించింది నా గొంతు. నాకు నిజంగా కష్టంగానే ఉంది. బాగాలేదేమో, మా ఇంట్లో తినడం ఇష్టం లేదేమో అనిపించింది. ఆ ఒక్క క్షణంలోనే అంతా అనిపించింది. గరిటె ఆమె ప్లేటు మీదే గాలిలో ఉంది.

ఎదురుగా నాన్న చూస్తున్నారు.

“బాగుందే పిల్లా,” అంది మామ్మ ముద్ద నోట్లో పెట్టుకుంటూ. “చింతపండు కాస్త తగ్గించాల్సింది. బాగుంది. చాలు.”

గరిటె వెనక్కి తీసుకున్నాను. పక్కన కూర్చున్నామెకు వేశాను.